లీటరుకి ఏడే

నేను ఐదో తరగతి దాకా చదివాను. ఒకే గది బడి, ఒకే పంతులుగారు. ఐదు తరగతులూ ఆ గదిలోనే కూర్చునేవి కాబట్టి ఒకటో తరగతిలో ఉండగానే ఐదో తరగతి లెక్కలు చెవిన పడిపోయేవి. నా చదువు చిన్నదని ఎవరైనా అంటే ఒప్పుకోను. పొట్టిది అంటే ఒప్పుకుంటాను. ఉన్నంతవరకు గట్టిది.

నలభై నాలుగేళ్ళుగా స్టీరింగు పట్టుకుంటున్నాను. పదకొండేళ్ళు లారీ, నాలుగేళ్ళు ఆసుపత్రి వ్యాను, ఆ తర్వాత ఇరవై తొమ్మిదేళ్ళూ ఒక్క యజమాని దగ్గరే కార్లు. ఇన్నేళ్ళలో నా చక్రం కింద కోడిపిల్ల కూడా పడలేదు. ఇన్సూరెన్సు ఆఫీసు వాళ్ళకు నా ముఖం ఎలా ఉంటుందో తెలియదు. ఆసుపత్రి వ్యాను నడిపే రోజుల్లో ఇద్దరు పిల్లలు నా వీపు వెనకే పుట్టారు. రెండుసార్లూ నేను వెనక్కి తిరిగి చూడలేదు. నా పని రోడ్డు చూడటం. ఇవన్నీ గొప్పలు చెప్పుకోవడమే కదా అంటే, అవును, చెప్పుకుంటున్నాను. నేను చెప్పుకోకపోతే ఎవరు చెబుతారు, బండి చెబుతుందా.

తోటి డ్రైవర్లు నాకు పెట్టిన పేరు నిమ్మళం. చాటుగా కాదు, ముఖం మీదే అంటారు. "నిమ్మళం బాబాయ్, నీ వెనకాల పడితే మాకు సిగ్నలు పోతుంది" అని వేళాకోళం. "ఎర్రదీపం దగ్గరికి అంత పరుగు దేనికిరా, అక్కడ ఏమైనా పంచిపెడుతున్నారా?" అనేవాణ్ణి నేను. బ్రేకు తొక్కడమంటే అంతకుముందు బండికి తాగించిన పెట్రోలును రోడ్డు మీద పారబోయడం. ఈ ఒక్క ముక్క అర్థమైనవాడికి డ్రైవింగు సగం వచ్చినట్టే. మిగతా సగం పాదంలో ఉంటుంది. మందం చెప్పులు వేసుకుని పెడలు తొక్కేవాడికి అది రాదు.

మా యజమానిని మేమందరం పెద్దాయన అంటాం. ఇళ్ళు కట్టి అమ్మడం ఆయన వ్యాపారం. ముప్పై ఏళ్ళు పాత కార్లలో సర్దుకున్న మనిషికి డెబ్బయ్యో ఏట ఒక కోరిక పుట్టింది. నల్లటి పొడుగాటి కారు, ఎనిమిది సిలిండర్లు, రెండు టన్నుల పైన బరువు. ఆగి ఉన్నది నాలుగున్నర సెకన్లలో వంద వేగం అందుకుంటుందట. నేను మాత్రం అందుకోనివ్వలేదు. ఒక్కసారి, ఊరి బయట ఖాళీ రోడ్డు మీద, "ఒక్కసారి తొక్కవయ్యా, చూసి పోతాను" అని పెద్దాయన అడిగితే తొక్కాను. ఆయన సీటుకి అతుక్కుపోయి చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆ నవ్వుకి అర లీటరు అయింది. అది కూడా నేను రాసుకునే పెట్రోలు పుస్తకంలో ఆ నెల కనిపించింది.

ఏనుగును కొనడం గొప్ప కాదు, మేపడం గొప్ప. ఆ కారుకి మామూలు పెట్రోలు పనికిరాదు, ఖరీదైన రకమే పోయాలి. నాలుగు టైర్లు మారిస్తే నా ఐదు నెలల జీతం. ఇంజను ఆయిలు తొమ్మిది లీటర్లు పడుతుంది. మామూలు కారుకి మూడున్నర చాలు. కదలకుండా షెడ్డులో ఉన్నా ఇన్సూరెన్సు, పన్ను తింటూనే ఉంటుంది. అందుకే దాన్ని మరింత పొదుపుగా నడిపాను. అందరి చేతిలో ముప్పై వేల కిలోమీటర్లకు అరిగిపోయే బ్రేకు ప్యాడ్లు నా కాలి కింద యాభై ఎనిమిది వేలు నడిచాయి. సర్వీసు షాపు మేస్త్రీ వాటిని విప్పి, అరచేతిలో పెట్టుకుని తన మనుషులందరినీ పిలిచాడు.

"ఎవరు నడిపారు దీన్ని?"

"నేనే."

"మీలాంటివాళ్ళు ఇంకో నలుగురు ఉంటే మా షాపు మూసుకోవాలి బాబాయ్."

పెట్రోలుకి నా పద్ధతి ఒకటే. ఎప్పుడూ అదే బంకు, అదే పంపు, బండి అదే చోట ఆగాలి. నేల వాలు మారితే ట్యాంకులో మట్టం మారుతుంది. నింపుతున్నప్పుడు గొట్టం తనంతట తాను టక్‌మని ఆగుతుంది. మొదటి టక్‌తో ఆపెయ్యాలి. ఆ పైన ఒక్క చుక్క పోయనివ్వను. ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎన్ని లీటర్లు పట్టింది, రెండూ అక్కడే నిలబడి రాసుకుంటాను. ఊళ్ళో తిరిగితే లీటరుకి ఏడు, దూరం వెళితే తొమ్మిది, పది. మూడేళ్ళలో అది పెద్దగా మారలేదు.

తర్వాత పెద్దాయనకు ఒక పక్క కాలూ చెయ్యీ పడిపోయాయి. మాట తగ్గింది. ఆఫీసు కుర్చీలోకి ఆయన కూతురు వచ్చింది.

నేను పనిలో చేరేనాటికి ఆ అమ్మాయికి ఎనిమిదేళ్ళు. బడికి నేనే దింపేవాణ్ణి. మామా అని పిలిచేది. పెద్ద చదువులు చదివి వచ్చాక, ఆఫీసుకి రావడం మొదలుపెట్టాక, నేను డ్రైవర్ గారినయ్యాను, తను మేడమ్ అయింది. అందులో తప్పేం లేదు, ఆఫీసు ఆఫీసే. వ్యాపారం ఆ ఏడాది బాగా లేదు. కట్టిన ఇళ్ళు అమ్ముడుపోక తాళాలు వేసి ఉన్నాయి. ఆవిడ ఒక్కో ఖర్చూ పట్టుకుని కత్తిరిస్తూ వచ్చింది. ముందుగదిలో అద్దెకు తెచ్చిన పూలకుండీలు పోయాయి. రెండో జిరాక్సు మిషను పోయింది. ఆ తర్వాత వంతు కారుది.

సోమవారం పది గంటలకు పిలిచింది. గాజు తలుపుల గది. లెక్కలు రాసే గుమాస్తా, సైటు ఇంజినీరు, ముందుగదిలో ఫోన్లు ఎత్తే అమ్మాయి, ముగ్గురూ అక్కడే ఉన్నారు.

"డ్రైవర్ గారూ, పోయిన నెల బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగింది?"

"రెండు వేల నూరు మేడమ్."

"పెట్రోలు?"

"మూడు వందల లీటర్లు."

"అంటే లీటరుకి ఏడు."

"ఏడే."

ఆవిడ ఫోను నా వైపు తిప్పింది. "శనివారం నేనే బండిలో తీసిన ఫోటో ఇది. స్క్రీన్ మీద సగటు ఎంతుందో చదవండి."

కళ్ళజోడు పెట్టుకుని చూశాను. పెద్ద అంకెల్లో పద్నాలుగు అని ఉంది. చదివాను.

"బండి తానే చెబుతోంది పద్నాలుగని. మీ బిల్లులు ఏడంటున్నాయి. సరిగ్గా సగం. మిగతా నూట యాభై లీటర్లు ఏమైనట్టు?"

గుమాస్తా గొంతు సవరించుకుని, "నిప్పు లేనిదే పొగ రాదంటారు" అన్నాడు, గోడకి చెబుతున్నట్టు.

"పొగ సంగతి తర్వాత చూద్దాం" అన్నాను నేను. "నూట యాభై లీటర్లంటే ఇరవై లీటర్ల డబ్బాలు ఏడున్నర. నేను వచ్చేదీ పోయేదీ బస్సులో. చేతిలో భోజనం క్యారేజీ తప్ప ఏదైనా ఉండగా చూశారా మీరు?"

"నేను మిమ్మల్ని దొంగ అనలేదు" అంది మేడమ్.

"అనలేదు మేడమ్. అనకుండానే నలుగురికీ వినబడింది."

ఆవిడ ముఖం ఎర్రబడింది. గొంతు తగ్గించింది. "మీకు అరవై ఎనిమిదేళ్ళు. మీరంటే నాన్నగారికి గౌరవం, నాక్కూడా. నెలాఖరుకి మానేయండి. మూడు నెలల జీతం అదనంగా ఇస్తాం. విషయం ఇక్కడితో ఆగిపోతుంది, బయట ఎవరికీ చెప్పం."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాళ్ళు ఉంటారు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"మానను మేడమ్. తీసేయాలనుకుంటే తీసేయండి. కానీ పెట్రోలు దొంగిలించాడని కాగితం మీద రాసి, సంతకం పెట్టి తీసేయండి. నా అంతట నేను మానేస్తే ఆ కాగితం నేనే రాసుకున్నట్టు."

ఫోన్ల అమ్మాయి తల దించుకుంది. గురువారం కొండల అవతల రాళ్ళ క్వారీకి వెళ్ళవలసి ఉంది. ఆ పని అయ్యాక శుక్రవారం తేలుస్తానంది మేడమ్.

ఇంటికి వెళ్ళి నా భార్యకు చెప్పాను. ఆవిడ బట్టలు కుడుతుంది. మిషను తొక్కడం ఆపకుండానే విన్నది.

"నెలకి నూట యాభై లీటర్లా? నిజంగా తెచ్చి ఉంటే మనింట్లో కనీసం ఒక స్కూటరైనా తిరిగేది కదండీ. దొంగతనం కూడా తిన్నగా చేతకాదు మీకు."

"నీకు నవ్వులాటగా ఉంది."

"ఏడిస్తే తేలుతుందా? ఆ పద్నాలుగు ఎవరు రాశారట?"

"బండే చెబుతోందట."

మిషను ఆగింది. "మీరు అబద్ధం చెప్పరు. బండికి అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు. అయితే మీ ఇద్దరూ ఒకే కొలత మాట్లాడటం లేదేమో చూడండి. నా దగ్గరికి ఒకరు నడుము ముప్పై ఆరు అని రాసుకొస్తారు, ఇంకొకరు తొంభై ఒకటి అని తెస్తారు. మొదటిసారి తొంభై ఒకటి చూసి స్తంభానికి కుట్టమంటున్నారా అనుకున్నాను. అది సెంటీమీటర్లు, ఇది అంగుళాలు. మనిషి మాత్రం అంతే లావు."

నలభై నాలుగేళ్ళ సంసారంలో నేను ఆవిడ మాట వినని సందర్భాలు చాలా ఉన్నాయి. ఇది మాత్రం విన్నాను.

మంగళవారం పొద్దున బండి తీశాను. నిజం చెప్పాలంటే మూడేళ్ళుగా ఆ స్క్రీన్‌లో అంకెలు నేను పట్టించుకోలేదు. నాకు నా పుస్తకం ఉంది. స్టీరింగు మీద ఒక బొత్తాం నొక్కితే సగటుకి బదులు ఆ క్షణంలో ఎంత అవుతోందో చూపిస్తుంది. అది నొక్కి ఫ్లైఓవర్ ఎక్కాను. అంకె ఇరవై దాటింది, ఇరవై ఆరు అయింది. అవతలి వైపు దిగుతూ పెడలు మీంచి కాలు తీశాను. రెండు, ఒకటి, సున్నా. ఎక్కుతుంటే మైలేజీ పెరిగి, దిగుతుంటే పడిపోయే బండిని నేను ఇంతవరకు చూడలేదు.

పక్కకి ఆపి, కళ్ళజోడు పెట్టుకుని స్క్రీన్ దగ్గరికి వంగాను. అంకె అరచేయంత ఉంది. దాని కింద గోరంత అక్షరాలు. అక్షరాలు కూడబలుక్కుని చదివాను. లీటర్లు, గీత, నూరు కిలోమీటర్లు. మన దగ్గర తిరిగే కార్లన్నీ లీటరుకి ఎన్ని కిలోమీటర్లో చూపిస్తాయి. పరాయి దేశంలో తయారై ఓడలో వచ్చిన ఈ బండి నూరు కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు తాగానో చెబుతోంది. మేడమ్ తను ఇంతకాలం నడిపిన చిన్న కార్ల అలవాటులో చదివింది.

నూరు కిలోమీటర్లకు పద్నాలుగు లీటర్లైతే, ఒక లీటరుకి ఎంత? ఐదో తరగతి త్రైరాశికం. ఏడు, పైన కాస్త చిల్లర. ముందు నవ్వు వచ్చింది. కోపం తర్వాత వచ్చింది, అది చాలాసేపు ఉంది.

అప్పుడే వెళ్ళి చెప్పొచ్చు. చెబితే రాత్రంతా ఆలోచించి మాట సర్దుకున్నాడని అంటారు. చెప్పకూడదు, చూపించాలి అనుకున్నాను.

గురువారం పొద్దున మేడమ్ వెనక తలుపు తీయబోయింది.

"ఈ ఒక్కరోజు ముందు కూర్చోండి మేడమ్."

"ఎందుకు?"

"నా ఉద్యోగం పోయేముందు నా పని ఎలా ఉంటుందో చూద్దురుగాని."

ఏమనుకుందో, ముందు కూర్చుంది. బంకులో మొదటి టక్ దగ్గర ఆపాను. ట్రిప్పు మీటరు ఆవిడ చేతనే సున్నా చేయించాను. కొండ రోడ్డు మొదలయ్యాక బొత్తాం నొక్కాను.

"ఆ అంకె పైకి చదువుతూ ఉండండి మేడమ్. నేను రోడ్డు చూసుకోవాలి."

"పద్దెనిమిది. ఇరవై రెండు. ఇరవై తొమ్మిది. ముప్పై ఒకటి."

"అంటే లీటరుకి ముప్పై ఒక్క కిలోమీటర్లా?"

"అవును మరి."

"మంచి బండి మేడమ్. రెండు టన్నుల బరువుతో కొండెక్కుతూ స్కూటరంత మైలేజీ ఇస్తోంది."

ఆవిడ నా వైపు చూసింది. పైకి చేరాక దిగుడు మొదలైంది. కాలు తీసేశాను. బండి తన బరువుకి తానే జారుతోంది.

"ఇప్పుడెంత?"

"నాలుగు. ఒకటి. సున్నా."

"నేను పెడలు ముట్టుకోవడం లేదు, చూడండి. చుక్క పెట్రోలు పోకుండా బండి పరిగెడుతోంది. మైలేజీ మాత్రం సున్నా అట. ఇది ఏ లోకపు లెక్క మేడమ్?"

సీటు బెల్టు సాగేంతవరకు ముందుకు వంగి ఆ గోరంత అక్షరాలు చదివింది. రెండు మలుపులు దాటాక మెల్లగా ఫోను తీసి లెక్క కొట్టబోయింది.

"ఫోను దేనికి మేడమ్. ఏడు పద్నాలుగులు తొంభై ఎనిమిది. నూరులోంచి తీస్తే శేషం రెండు."

"మామా" అంది. ఆ పిలుపు విని పదేళ్ళు దాటింది. "సారీ మామా. నేను చూసుకోలేదు."

నా మనసు కరగలేదని చెప్పను. కానీ తలూపలేదు.

"ఇక్కడ వద్దు మేడమ్. సోమవారం పది గంటలకు ఆ గాజు గదిలో అన్నారు. ఇది కూడా ఆ గదిలోనే, ఆ ముగ్గురి ముందే చెప్పండి. అద్దాలెత్తిన కారులో చెబితే మనిద్దరికే వినబడుతుంది."

"అందరి ముందా?" ఆవిడ గొంతు మారింది. "నేను ఆ కుర్చీలో కూర్చుని ఆర్నెల్లు కాలేదు. ఏ మాట చెప్పినా ఈవిడకేం తెలుసన్నట్టు చూస్తారు వాళ్ళు. ఇప్పుడు నేనే తప్పు చదివానని చెప్పుకుంటే రేపట్నుంచి నా మాట ఎవరు వింటారు?"

"అది మీ కుర్చీ సంగతి మేడమ్. నేను కూర్చునే సీటు ఇది. ఇరవై ఆరేళ్ళ నుంచి మీ కార్లన్నిట్లో ఈ సీట్లో కూర్చున్నవాణ్ణి దొంగ అనుకుంటూ ముగ్గురు ఇంటికెళ్ళారు. వాళ్ళ ఇళ్ళలో ఇంకెంతమందికి చెప్పారో."

ఆవిడ కిటికీ వైపు తిరిగిపోయింది. క్వారీలో పని చూసుకుంది, తిరుగు ప్రయాణంలో కళ్ళు మూసుకుని కూర్చుంది. నేనేం బుజ్జగించలేదు. సాయంత్రం అదే బంకులో, అదే చోట ఆపి, మళ్ళీ మొదటి టక్ దాకా నింపించాను. రెండు వందల పది కిలోమీటర్లు, ఇరవై మూడు లీటర్లు. దిగి పంపు దగ్గరికి ఆవిడే వచ్చింది. లీటరుకి తొమ్మిదని ఆవిడే లెక్క వేసుకుంది. స్క్రీన్ మీద సగటు పదకొండు. నూరును పదకొండుతో భాగించినా తొమ్మిదే. ఆ మాట నేను అనలేదు, ఆవిడ పెదాలు కదలడం చూశాను.

శుక్రవారం పది గంటలకు ఎవరూ పిలవకుండానే వెళ్ళి గాజు తలుపు పక్కన నిలబడ్డాను. తొమ్మిది నిమిషాలు నిలబడ్డాను. తర్వాత మేడమ్ ఆ ముగ్గురినీ పిలిచింది.

"డ్రైవర్ గారి లెక్క సరైనది" అంది, కూర్చోకుండానే. "బండి స్క్రీన్ నేను తప్పు చదివాను. పెట్రోలు ఎక్కడికీ పోలేదు. మీ అందరి ముందు ఆయన్ని అనుమానించాను, అందుకే మీ అందరి ముందు క్షమాపణ అడుగుతున్నాను."

గుమాస్తా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అయితే మేడమ్, ఈ బండి నిజంగానే లీటరుకి ఏడే ఇస్తుందా?"

"ఏడే" అంది ఆవిడ.

"ఇకముందు కూడా నెలకి మూడు వందల లీటర్లేనా?"

అక్కడున్న వాళ్ళందరికీ ఒక్కసారే తట్టింది. దొంగ దొరికి ఉంటే ఖర్చు సగానికి తగ్గేది. దొంగ లేడు, కాబట్టి ఖర్చు అలాగే ఉంది. సోమవారం నా మెడకు చుట్టిన సమస్య ఇప్పుడు బండి మెడకు చుట్టుకుంది.

మేడమ్ నా వైపు తిరిగింది. "మీరేమంటారు?"

"టైర్లు ఇంకో మూడు నెలలకు మార్చాలి. వచ్చే ఏడాది బ్రేకు డిస్కులు. పెద్దాయన ఎక్కలేరు, మనం మేపలేం. అమ్మేయండి మేడమ్. ఆయనకి నేను చెబుతాను."

సైటు ఇంజినీరు నా దగ్గరికి జరిగి, "అది పోతే మీ పనో బాబాయ్?" అన్నాడు.

"నా పని బండి నడపడం. ఎనిమిది సిలిండర్లు ఉంటేనే నడుపుతానని ఎప్పుడన్నాను?"

గుమాస్తా ఊరుకోలేదు. "మరి ఆ మూడు నెలల జీతం మాట..."

"ఆ జీతం మానేసేవాడికి కదా, నేను మానడం లేదు" అన్నాను. "ఉంటాను. కానీ ఒక షరతు మేడమ్. నా మీద ఏ అనుమానం వచ్చినా ముందు నన్ను పిలిచి, నన్నొక్కణ్ణే అడగాలి. నేను జవాబు చెప్పలేకపోతే అప్పుడు పదిమందిని పిలవండి."

"సరే" అంది. "అది అందరికీ వర్తిస్తుంది. మీ ముగ్గురికి కూడా." గుమాస్తా వైపు చూస్తూ అంది. ఆ రోజు నుంచి ఆఫీసులో ఆవిడ మాట వినేవాళ్ళు తగ్గలేదు, పెరిగారు. అది నేను ఎదురుగా ఉండి చూశాను.

పెద్దాయనకు నేనే చెప్పాను, ఆయన మంచం పక్కన స్టూలు వేసుకుని. మొదటినుంచి చివరిదాకా విన్నాడు. పనిచేసే చేత్తో నా మోచేయి పట్టుకుని నొక్కాడు. అమ్మమనే అర్థం చేసుకున్నాను.

కొన్నవాడు కుర్రవాడు, కొత్తగా డబ్బు చూసినవాడు. స్టీరింగు మీద చెయ్యి వేసి, "మైలేజీ ఎంతిస్తుంది?" అని అడిగాడు. అమ్మిపెట్టే మధ్యవర్తి నాకు కళ్ళతో సైగ చేస్తున్నాడు. నేను అతని వైపు చూడలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కుర్రవాడు నవ్వి, "దీన్ని కొనేవాళ్ళు మైలేజీ చూసుకోరులే తాతా" అన్నాడు. "అడిగింది మీరే బాబూ" అన్నాను.

ఇప్పుడు నేను నడిపేది తెల్లటి చిన్న కారు. కంపెనీ వాళ్ళు లీటరుకి పద్దెనిమిది అని అచ్చు వేశారు. నా కాలి కింద ఇరవై ఇస్తోంది. ఇదంతా జరిగి మూడేళ్ళయింది, నాకు డెబ్బై ఒకటి నిండాయి. కళ్ళ డాక్టరు ఏటా పరీక్ష చేసి, ఏటా సంతకం పెడుతున్నాడు. మొన్న వెనక సీట్లోంచి మేడమ్, "ఇక విశ్రాంతి తీసుకోవచ్చు కదా మామా, ఎన్నాళ్ళని?" అంది. ప్రేమతోనే అంది.

"మానేసే రోజు నేను చెబుతాను మేడమ్" అన్నాను. "రేపు ఎన్నింటికి బయల్దేరాలి?"

"ఏడున్నరకి."

"ఏడుంబావుకి గేటు దగ్గర ఉంటాను."